సీహెచ్50 పరీక్షకు శాంపిల్ ఇవ్వాలంటే ఈ సెంటర్‌లోనే ఇవ్వండి

మాది నకిరేకల్. టైలరింగ్ చేస్తాను. నల్లగొండ క్లాక్ టవర్ దగ్గరున్న ఈ కలెక్షన్ సెంటర్‌కు ఇప్పటికి మూడుసార్లు వచ్చాను. మామూలు షుగర్, థైరాయిడ్ పరీక్షలకైతే ఎక్కడైనా ఒకటే. సీహెచ్50 లాంటి కాంప్లిమెంట్ పరీక్ష రాసిచ్చిన వాళ్ల కోసమే ఇంత రాస్తున్నాను.

మా పెద్దోడికి 15 ఏళ్లు. 11 ఏళ్లప్పుడు ఒకసారి, మొన్న సంక్రాంతి దాటాక ఇంకోసారి మెనింజైటిస్, అంటే మెదడు చుట్టూ ఉండే పొరలు వాచే జబ్బు, వచ్చింది. రెండుసార్లూ మెనింగోకాకస్ అనే క్రిమే. దేవుడి దయ వల్ల దక్కాడు. రెండోసారి హైదరాబాద్ డాక్టర్ గారు, "మళ్లీ అదే వచ్చిందంటే ఒంట్లో ఏదో లోటుందమ్మా, చూడాలి" అన్నారు. రక్తంలో కాంప్లిమెంట్ అని 30కి పైగా ప్రొటీన్లు ఉంటాయట. క్రిమి కనపడితే ఒకదాన్నొకటి లేపుకుంటూ పోయి, ఆఖర్న సీ5 నుంచి సీ9 దాకా కలిసి దాని పొరకు బెజ్జం పెడతాయట. ఆ అయిదింటిలో ఒకటి పుట్టుకతో లేకపోతే పిల్లాడు పైకి బాగానే ఉంటాడు, ఈ క్రిమి మాత్రం మళ్లీ మళ్లీ పట్టుకుంటుంది. మొత్తం గొలుసు పని చేస్తుందా లేదా అని చూసేదే సీహెచ్50. జ్వరం పూర్తిగా తగ్గి కొన్ని వారాలయ్యాకే చేయించమన్నారు, జబ్బులో ఉన్నప్పుడు అవి ఖర్చయిపోయి లెక్క తప్పుతుందట.

తల్లి నుంచీ తండ్రి నుంచీ లోపమున్న జన్యువు చెరొకటి వస్తేనే ఈ లోటు బయటపడుతుంది. మా ఆయన నాకు మేనబావ. అందుకే తొమ్మిదేళ్ల మా చిన్నదానికి కూడా చేయించమన్నారు, 4లో 1 వంతు అవకాశం ఉంటుందని.

మొదట వేరే ల్యాబ్‌లో ఇచ్చాం, పేరు రాయను. ఏప్రిల్ నెల. పొద్దున తీసిన ట్యూబులు మధ్యాహ్నం దాకా కౌంటర్ మీద స్టాండులోనే ఉన్నాయి, నా కళ్లతో చూశాను. అప్పుడు నాకేం తెలుసు? రిపోర్టులో ఇద్దరికీ సీహెచ్50 బాగా తక్కువ. ఆ వారం మేం తిన్నది లేదు, పడుకున్నది లేదు. చిన్నది దగ్గితే కూడా లేచి నుదురు పట్టి చూసేదాన్ని. డాక్టర్ గారు రిపోర్టు చూసి మొదట అడిగింది, "ఐసులో పంపారా?" అని. ఈ ప్రొటీన్లు వేడికి ఆగవట. రక్తం బయట ఉండిపోతే బాగున్న మనిషికీ తక్కువ చూపిస్తుందట.

అప్పుడు ఇక్కడికి వచ్చాం. శాంపిల్ తీసే అమ్మాయికి పాతికేళ్లుంటాయేమో. ట్యూబుకు తెల్ల టేపు అంటించి తీసిన టైం నిమిషాలతో సహా రాసింది. రక్తం గడ్డకట్టగానే మిషన్‌లో తిప్పి, పైన తేలిన లేత పసుపు సీరంను చిన్న ప్లాస్టిక్ సీసాల్లోకి తీసి వెంటనే ఫ్రీజర్‌లో పెట్టింది. సాయంత్రం థర్మాకోల్ డబ్బాలో డ్రై ఐస్ నింపి పంపింది. మేం అప్పటిదాకా అక్కడే ఉన్నాం. తెల్ల పొగ చూసి చిన్నది చెయ్యి పెట్టబోతే, "వద్దు బంగారం, కాలుతది" అని పట్టుకుంది. "అక్కా, గురువారం తర్వాత ఈ పరీక్షకు తీసుకోం, ఆదివారం మధ్యలో పడి డబ్బా ఎక్కడన్నా ఆగిపోతది" అంది. అక్కడే నాకు నమ్మకం కుదిరింది.

రిపోర్టు ఆరో రోజు వచ్చింది. చిన్నదానికి నార్మల్. పెద్దోడికి సీ3, సీ4 అనే కాంప్లిమెంట్ ప్రొటీన్లు బాగున్నాయి, సీహెచ్50 మాత్రం అస్సలు లేదు. ఏడ్చాను. అయితే ఇప్పుడు ఏం చేయాలో తెలుసు. మెనింగోకాకల్ టీకాలు మొదలుపెట్టాం, వాటికి మళ్లీ బూస్టర్లు ఉంటాయి. జ్వరం వస్తే గంట ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలని డాక్టర్ గారు రాసిచ్చిన కాగితం వాడి స్కూల్ బ్యాగులో ఒకటి, నా పర్సులో ఒకటి ఉంది.

ఆ రోజు పక్కన తిప్పర్తి నుంచి వచ్చినామె కూచుంది. ఆమెకు లూపస్, అంటే ఒంట్లోని రక్షణ శక్తి సొంత ఒంటి మీదే తిరగబడే జబ్బు. సీ3, సీ4 చూపించుకోవడానికి వస్తుందట. ఆమెవి పుట్టుకతో లేనివి కావు, జబ్బు ముదిరినప్పుడు ఖర్చయిపోతాయి, మందులకు జబ్బు అణిగితే మళ్లీ పెరుగుతాయి. మా వాడిది అట్లా పెరిగేది కాదని తెలిసి ఆమె నా చెయ్యి పట్టుకుంది.

లోపాలు కూడా చెప్పాలి. రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు. ఫోన్‌లో "ఎప్పుడైనా రండి" అంటారు గానీ ఈ పరీక్షకు పొద్దున 10 లోపే రావాలి. ఆ మాట ముందే చెబితే మాకు మొదటిసారి ఒక బస్సు ఛార్జీ మిగిలేది. ఇద్దరికీ కలిపి 8 వేలు దాటింది, మాకది చిన్న మొత్తం కాదు.

సీ5 నుంచి సీ9లో ఏది లేదో తేల్చే పరీక్ష ఇంకా ఉంది. మంగళవారం మొదటి బస్సుకు వాణ్ని తీసుకుని ఇక్కడికే వస్తున్నాను.