నాన్నతో అజేలియాల కొండకి

ఏప్రిల్ చివరికల్లా వాషింగ్టన్ చుట్టుపక్కల ఏ వీధిలోకి తిరిగినా ఇళ్ల ముందు అజేలియా పూల పొదలే. ఆకు కనపడకుండా పూస్తాయి. ఆష్‌బర్న్‌లో తొమ్మిదేళ్లుగా ఉంటున్నా కారులోంచి చూసి పోవడమే తప్ప ఒక్క చెట్టు పేరూ తెలుసుకోలేదు. ఈ వసంతంలో కడియపులంక నుంచి నాన్న వచ్చారు. నలభై ఏళ్లు నర్సరీ నడిపిన మనిషిని మాల్స్ చుట్టూ తిప్పడానికి నాకు మనసొప్పలేదు. అజేలియా సొసైటీ ఆఫ్ అమెరికా సదస్సు మాకు గంట దూరంలోనే జరుగుతోందని తెలిసి ఇద్దరి పేర్లూ రాయించాను. 1977లో ఈ ప్రాంతంలోనే మొదలైన సంఘం అది.

బస సంగతి ముందే చెప్పేస్తాను. సదస్సు జరిగే చోట గదులు అయిపోయి, దగ్గర్లో ఇంకో హోటల్లో రెండు రాత్రులు ఉన్నాం. గది శుభ్రంగానే ఉంది కానీ మొదటి రాత్రి ఏసీ మోతకి నాన్న కన్ను మూయలేదు. రెండుసార్లు ఫోన్ చేస్తే గాని గది మార్చలేదు. పొద్దున ఫలహారంలో ఆయనకి పనికొచ్చినవి పెరుగూ అరటిపండే. ఇంటి నుంచి తెచ్చిన పులిహోర ఆదుకుంది. ఇంత దగ్గర్లో ఇల్లు ఉన్నవాళ్లు హోటల్‌కి డబ్బు పెట్టక్కర్లేదు, రోజూ వెళ్లి రావచ్చు.

సదస్సు ఫీజుకి తగ్గ ఫలం సభ్యుల ఇళ్ల తోటల్లో దొరికింది. మామూలు రోజుల్లో ఆ గేట్లు మనకి తెరుచుకోవు. ఒక పెద్దావిడ ఇంటి వెనక పల్లంలో ఓక్ చెట్ల నీడన వందల మొక్కలు, ప్రతి మొక్కకీ పేరు చెక్కిన రేకు బిళ్ల. నాన్న పూల వంక చూడలేదు. ఒక మొక్క పక్కన గొంతుక్కూర్చుని నేలకి ఆనిన కొమ్మని మెల్లగా ఎత్తారు. కింద వేళ్లు! "చూశావా అమ్మా, ఎవరూ కట్టకుండానే నేల అంటు పడింది" అన్నారు. నేను ఇంగ్లీషులో చెబితే ఆవిడ ముఖం విప్పారింది. లోపలికెళ్లి కత్తెర తెచ్చి, ఆ కొమ్మని తల్లి మొక్క నుంచి కోసి, తడి కాగితంలో చుట్టి ఆయన చేతిలో పెట్టింది. ఆ తర్వాత అరగంట వాళ్లిద్దరూ చేతులతోనే మాట్లాడుకున్నారు. నా అవసరం పడలేదు.

పబ్లిక్ తోటల్లో బెథెస్డాలోని మెక్‌క్రిల్లిస్ గార్డెన్స్ చిన్నది, ఐదెకరాలు. పెద్ద చెట్ల నీడలో నిశ్శబ్దంగా ఉంటుంది, కారు పెట్టుకునే చోటు మాత్రం తక్కువ. వీటన్‌లోని బ్రూక్‌సైడ్ యాభై ఎకరాలు. చదునైన దారులు, శుభ్రమైన టాయిలెట్లు. పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకి నేను ముందు చెప్పేది అదే. రెండింటికీ టికెట్ లేదు.

అసలు చూడాల్సింది వాషింగ్టన్‌లోని నేషనల్ ఆర్బోరీటమ్, అంటే ప్రభుత్వ వృక్షోద్యానం. సదస్సు వాళ్లు తిప్పిన బస్సు ట్రాఫిక్‌లో ఇరుక్కుని అక్కడ మాకు గంట కూడా మిగల్లేదు. అందుకే ఆదివారం పొద్దున ఎనిమిదింటికి, గేటు తీసే వేళకి, మా కారులో మళ్లీ వెళ్లాం. 446 ఎకరాలు, ప్రవేశం ఉచితం. మెట్రో స్టేషన్ నడక దూరంలో లేదు కనుక కారు ఉంటేనే సుఖం.

దక్షిణ రాష్ట్రాల్లో పూసే పెద్ద పూల అజేలియాలు వాషింగ్టన్ చలికి తట్టుకోవు. ఆ పూల సైజూ ఈ చలికి ఓర్పూ ఒకే మొక్కలో తేవాలని మొక్కల శాస్త్రవేత్త బెంజమిన్ మోరిసన్ 1930లలో మేరీలాండ్‌లోని గ్లెన్ డేల్ మొక్కల కేంద్రంలో సంకరాలు మొదలుపెట్టారు. వాటిలోంచి ఏరి పేరు పెట్టినవి 454. మిగిలిన మొక్కలు వేల సంఖ్యలో 1946-47లో ఆర్బోరీటమ్‌లోని ఈ కొండవాలుకి చేరాయి. పేర్లు లేవు. అడవి చెట్ల కింద తెలుపు, గులాబీ, ఇటిక ఎరుపు, నేరేడు రంగు కలిసిపోయి తలకంటే ఎత్తున పూసి ఉన్నాయి.

2010లో నిధులు చాలక ఈ వాలు మీది మొక్కలు తీసేస్తామని ప్రకటించారనీ, జనం ఒప్పుకోకపోవడంతో, విరాళాలతో అవి నిలిచాయనీ చెప్పాను. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. "ఏరగా మిగిలిన నారుని మేం గట్టు మీద పారేస్తాం. ఈయన కొండంతా నాటాడు" అన్నారు. మోకాళ్ల నొప్పితోనే పైదాకా ఎక్కారు. దారి నిటారుగా ఉంది, చేతికర్ర తెచ్చుకోవాల్సింది. పేర్లున్న రకాలు పక్కనే ఇటిక గోడల మోరిసన్ తోటలో ఉన్నాయి. రకాలు పోల్చి చూసుకోవాలంటే అక్కడికే వెళ్లాలి.

కడియంలో ఇవి బతుకుతాయా అని నన్నే అడిగి, ఆయనే తల అడ్డంగా ఊపారు. ఆమ్ల గుణమున్న నేల కావాలి, చల్లదనం కావాలి. ఊటీలో అయితే సరే.

సదస్సులో మొక్కల అమ్మకం కూడా పెట్టారు. నేను నిండా పూసినదాన్ని ఎత్తుకుంటే ఆయన కింద పెట్టించారు. కుండీలోంచి మొక్కని ఊడలాగి వేళ్లు చూసి, ఒక్క పువ్వే ఉన్న 'మార్తా హిచ్‌కాక్' తీసుకున్నారు. తెల్లని రేకలకి ముదురు గులాబీ అంచు. పూసింది పూసిపోతుంది, మనకి కావలసింది గట్టి వేరు అన్నారు. ఇంటికొచ్చాక చుట్టుకుపోయిన వేళ్లని చేతివేళ్లతో విడదీసి, మధ్యాహ్నపు ఎండ తగలని తూర్పు గోడ పక్కన నాటారు. ఈ వేళ్లు లోతుకి పోవు కాబట్టి గుంత వెడల్పుగా, లోతు తక్కువగా తీశారు. పైన పైన్ బెరడు పరిచారు. పెద్దావిడ ఇచ్చిన అంటు ఇంకా కుండీలోనే, కిటికీ కింద నీడలో ఉంది. మా వీధిలో జింకలు మొగ్గల్ని వదలవని పక్కింటాయన చెబితే, నిన్న సాయంత్రం నాన్న హార్డ్‌వేర్ షాపుకి తీసుకెళ్లమని కూర్చున్నారు. ఇప్పుడు మొక్క చుట్టూ ఛాతీ ఎత్తు వల ఉంది.