చేత్తో కదిపే ప్రాసెస్ బిళ్లలు: చాలాకాలం వాడాక

ఆఫీసుల్లో పని ఎలా నడుస్తుందో కనుక్కుని డయాగ్రమ్ గీయడం నా ఉద్యోగం. ప్రొజెక్టర్ మీద బొమ్మ చూపించి "ఇంతేనా?" అని అడిగితే అందరూ తలూపేవాళ్లు. యాక్రిలిక్ బిళ్లలిచ్చి బల్ల మీద వాళ్లనే పేర్చమన్నాక తలూపడం తగ్గి వాదన పెరిగింది. నాకు కావలసింది ఆ వాదనే.

ఈ పద్ధతి జర్మనీలో, పోట్స్‌డామ్‌లోని హాసో ప్లాట్నర్ ఇన్‌స్టిట్యూట్‌లో పుట్టింది. అక్కడి పరిశోధకులు అలెగ్జాండర్ ల్యూబె, మథియాస్ వెస్కె దీన్ని టీ.బీపీఎం అన్నారు, అంటే చేత్తో తాకి పని తీరును పేర్చే పద్ధతి. ప్రాసెస్ డయాగ్రమ్‌లు గీయడానికి 2011లో వచ్చిన బీపీఎంఎన్ 2.0 ప్రమాణంలో గుర్తులు బోలెడు. ఇక్కడ నాలుగే బిళ్లలు: పని, ఘటన, దారి చీలే చోటు, డాక్యుమెంట్. మార్కర్‌తో రాసి తుడిచేయొచ్చు. బాణాలు మాత్రం కింద పరిచిన కాగితం మీద గీసుకోవాలి.

ఒకసారి బిల్లుల చెల్లింపు గురించి కూర్చున్నాం. మేనేజర్ గారు "బిల్లు వస్తుంది, చూస్తాం, డబ్బు పంపుతాం" అంటూ మూడు బిళ్లలు పెట్టేశారు. అకౌంట్స్‌లో పనిచేసే ఆవిడ మాట్లాడకుండా చివరి బిళ్లను పక్కకు జరిపి మధ్యలో చోటు చేశారు. "ఇక్కడ ఆర్డర్ కాపీతో సరిచూస్తాం సార్. తేడా ఉంటే స్టోర్స్‌కి ఫోన్ చేస్తాం." ఆ ఫోన్ సంగతి ఏ మాన్యువల్‌లోనూ లేదు. స్క్రీన్ మీద గీస్తుంటే మౌస్ నా చేతిలో ఉండేది, మేనేజర్ మాటను ఆవిడ నోటితో ఖండించాల్సి వచ్చేది. బిళ్ల జరపడానికి అంత ధైర్యం అక్కర్లేదు.

నన్ను ఎక్కువ విసిగించేది దారి చీలే చోట పెట్టే డైమండ్ ఆకారం బిళ్ల. దాని మీద "మేనేజర్ ఆమోదం" అని రాసేస్తారు. ఆమోదించడం ఒక పని. ఆ తర్వాత దారి ఎటు చీలుతుందో చూపడమే డైమండ్ వంతు. ఎంత వివరించినా కొత్తవాళ్లకు ఎక్కదు. అందుకే డైమండ్లు సంచిలోనే ఉంచి, మామూలుగా జరిగే దారి పేర్చడం అయ్యాక "కుదరకపోతే ఏం చేస్తారు?" అని అడిగి అప్పుడు తీస్తాను. బాణాలూ అంతే. ముందే గీస్తే వాటిని చెరపడానికి బద్ధకించి బిళ్ల కదపడం మానేస్తారు. పైగా మోచెయ్యి తగిలితే రాత చెదురుతుంది (ఎడమచేతి వాటం వాళ్లకు ఇంకా కష్టం).

బల్ల నిండితే కథ ఆగిపోతుంది. అందుకే పెద్ద ప్రాసెస్‌ని ముక్కలు చేసుకోవాలి. జనం ఎక్కువైతే ఆల్బర్టో బ్రాండోలినీ మొదలుపెట్టిన ఈవెంట్ స్టార్మింగ్ పద్ధతిలో, జరిగే ఘటనలను నారింజ రంగు స్టిక్కీ నోట్ల మీద రాసి గోడకు అంటించడమే మేలు. బల్ల చుట్టూ నలుగురైదుగురు మించితే వెనకవాళ్లు ఫోన్లు తీస్తారు.

ఫొటో తీసి వదిలేస్తే వారం తర్వాత ఎవరి చేతిరాతో, ఏ బాణం ఎటో తెలియదు. అదే రోజు సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించాలి, ఆ శ్రమ పూర్తిగా మనదే. డయాగ్రమ్‌లు చదవడం ముందే వచ్చినవాళ్లతో అయితే ఈ సంచి నేను బయటికి తీయను. వాళ్లకు స్క్రీనే వేగంగా ఉంటుంది.