వినిపించని ‘టక్’: ఆరేళ్లుగా వాడుతున్న టార్క్ రెంచ్, సాకెట్ సెట్టు

ఆరేళ్లుగా నా దగ్గర ఉన్న అర అంగుళం టార్క్ రెంచ్ మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. నట్టు చాలినంత బిగిసిందని ‘టక్’ మని చెప్పడమే దాని పని. అది చెప్పవలసిన మాట చెబుతుంది గాని, కొన్ని చోట్ల మరీ గొణుగుతుంది. ఆ గొణుగుడు నాకు వినబడకపోవడం వల్ల ఒకసారి మా కారు ఇంజన్ కింద నూనె నిలిచే ఆయిల్ చాంబర్ మర ఊడి చేతిలోకి వచ్చింది. కొన్న మొదటి ఏడాది ఇదే పనిముట్టును కనిపించిన ప్రతివారి దగ్గరా పొగిడి, కనీసం ముగ్గురి చేత కొనిపించాను కనుక, ఆ పొగడ్తలో ఎంత భాగం వెనక్కు తీసుకుంటున్నానో చెప్పవలసిన బాధ్యత కూడా నాదే.

ఇది క్లిక్ రకం రెంచ్. పిడి తిప్పి కావలసిన అంకె దగ్గర పెడితే, నట్టు మీద పడే తిప్పుడు బలం, అంటే టార్క్, ఆ అంకెకు చేరగానే ‘టక్’ మంటుంది. ఆ బలాన్ని న్యూటన్ మీటర్లలో కొలుస్తారు. అర అంగుళం అన్నది సాకెట్ తొడిగే చతురస్రపు మొన కొలత. నన్ను కొనిపించినవి మాత్రం చక్రాల నట్లు. హైదరాబాదు నుంచి విజయవాడ వస్తుండగా సూర్యాపేట దాటాక టైరు పంచరైంది. అంతకు వారం ముందే ఒక పంచర్ షాపు కుర్రవాడు ఆ నట్లను గాలి గన్నుతో బిగించి ఉన్నాడు. కారుతో వచ్చిన ఎల్ పానా మీద నేను ఎక్కి నిలబడ్డా రెండు నట్లు కదలలేదు. చివరకు ఒక లారీ డ్రైవరు ఇనుప గొట్టం తెచ్చి పానాకు తొడిగితే గాని ఊడలేదు. నా బరువు డెబ్బై కిలోలు, పానా పొడవు పాతిక సెంటీమీటర్లు. ఆ లెక్కన నట్టు మీద పడిన తిప్పుడు బలం 170 న్యూటన్ మీటర్లు దాటుతుంది. మా కారు పుస్తకంలో అదే నట్టుకు రాసి ఉన్నది 85. ఇంటికి చేరిన వారంలోనే 28 నుంచి 210 న్యూటన్ మీటర్ల వరకు గీతలున్న టార్క్ రెంచ్‌నూ, దానితోపాటు నట్టు తలకు తొడిగే గిన్నెల్లాంటి సాకెట్లూ, వాటిని ఒకవైపే పట్టి తిప్పే పిడులు, అంటే అర అంగుళం, పావు అంగుళం రాట్చెట్లు రెండూ ఉన్న ఒక సాకెట్ పెట్టెనూ కొన్నాను.

చక్రాల పనిలో ఈ రెంచ్ నన్ను ఈ రోజుకూ నిరాశపరచలేదు. టైరు షాపులో చేత్తో పట్టేంత వరకే బిగించమని దగ్గరుండి చెప్పి, నట్లన్నీ ఆనాయని చూసుకొని, నిదానంగా ఇంటికి వచ్చి, నాలుగు నట్లనూ ఎదురెదురుగా రెండు విడతల్లో బిగిస్తాను. షాపు మా వీధి చివరే ఉంది కాబట్టి ఇది కుదురుతోంది. దూరం నుంచి వచ్చేవారు ఇలా చేయకూడదు. 85 దగ్గర వచ్చే ‘టక్’ చెవికి చేరేలోపే అరచేతిలో తెలుస్తుంది. పిడి ఒక్క క్షణం పట్టు వదిలినట్టు అయి మళ్లీ అందుకుంటుంది. ఆ మరలకు నూనె గాని గ్రీజు గాని రాయను. రాస్తే అదే 85కు నట్టు మరింత లోపలికి లాగబడి, నట్టు ఎక్కే స్టడ్డు మీద అనుకున్న దానికన్నా ఎక్కువ బరువు పడుతుంది. ఈ నాలుగు ముక్కలే మొదటి ఏడాది అందరికీ చెప్పి, ఇంటి దగ్గర కారు చూసుకునేవాడికి ఈ ఒక్క రెంచ్ చాలునని తీర్పు కూడా ఇచ్చేశాను. నేను పొరబడింది ఆ తీర్పులోనే.

మూడో ఏడు, వానాకాలం మొదట్లో ఇంజన్ ఆయిల్ మారుస్తున్నాను. అపార్ట్‌మెంట్ సెల్లారులో కారును స్టాండ్ల మీద నిలిపి, కింద పాత ఫ్లెక్సీ పరచుకొని పడుకున్నాను. పాత నూనె పూర్తిగా కారాక డ్రెయిన్ బోల్టుకు కొత్త వాషరు వేసి, ముందు వేళ్లతోనే తిప్పి, పుస్తకంలో ఉన్నట్టు రెంచ్‌ను 35కు పెట్టాను. గీతలు 28 నుంచి మొదలవుతున్నాయి కాబట్టి 35 దాని పరిధిలోనిదే అనుకున్నాను. సరిగ్గా అప్పుడే కరెంటు పోయి సెల్లారులోని జనరేటరు అందుకుంది. బోల్టు ఆనింది. కొంచెం లాగాను, ఏమీ వినిపించలేదు. ఇంకొంచెం లాగాను. కొత్త వాషరు నలుగుతున్నప్పుడు ఎటూ చేతికి కాస్త మెత్తగానే ఉంటుంది గనుక, ఇది ఆ మెత్తదనమే అనుకొని ఇంకా లాగాను. నాలుగోసారి బిగువు పెరగవలసింది పోయి ఒక్కసారిగా తగ్గింది. ఆ తగ్గడం ఎలా ఉంటుందో ఒకసారి అనుభవించిన చెయ్యి మరిచిపోదు. బోల్టు బయటకు తీసి చూస్తే దాని మరల మధ్య అల్యూమినియం పొర సన్నని వెండి తీగలా చుట్టుకొని ఉంది.

మర్నాడు చాంబరు విప్పించి ఆటోనగర్‌లో ఒక లేతు షాపుకు తీసుకువెళ్తే, అక్కడి పెద్దమేస్త్రి బోల్టునూ, నేను వెంట తెచ్చిన రెంచ్‌నూ పక్కపక్కన పెట్టి చూశారు. ‘‘ఇంత చిన్న బోల్టుకి ఇంత పొడుగు కర్ర పట్టారేంటి సార్?’’ అన్నారు. నేను ప్రమాణాలు, శాతాలు ఏవో చెప్పబోయాను. ఆయన నవ్వి ఊరుకున్నారు. పాత రంధ్రాన్ని కొంచెం పెద్దది చేసి, కొత్త మర కోసి, అందులో హెలికాయిల్ అనే స్టీలు తీగ మరచుట్ట వేసి ఇచ్చారు. అది ఈ రోజుకీ చుక్క నూనె కారలేదు.

రెంచ్ పాడైపోయిందని నిర్ధారించుకుందామని దాన్ని ఇంట్లోనే పరీక్షించాను. కాలిబ్రేషన్‌కు, అంటే అంకెలు సరిచూపించడానికి, పంపితే అయ్యే ఖర్చు కొన్న ధరకు దగ్గరగా తేలడమే అందుకు కారణం. రెంచ్ తలలోని చతురస్రపు మొనను వైసులో (బల్లకు అమర్చిన ఇనుప పట్టకారులో) బిగించి, పిడిని అడ్డంగా నేలకు సమాంతరంగా ఉంచి, మొన నుంచి సరిగ్గా 41 సెంటీమీటర్ల దూరంలో తాడుతో ఇరవై లీటర్ల వాటర్ క్యాన్ వేలాడదీశాను. కిరాణా కొట్టు కాటా మీద నిండు క్యాన్ 20.8 కిలోలు తూగింది. రెంచ్ సొంత బరువు వల్ల పడే రెండున్నర న్యూటన్ మీటర్లు కూడా కలుపుకుంటే మొత్తం 86 అవుతుంది. రెంచ్‌ను 85కు పెట్టి, క్యాన్‌ను రెండు చేతులతో పట్టుకొని మెల్లగా వదిలితే ‘టక్’ మంది. రెండు లీటర్ల నీళ్లు పారబోసి మళ్లీ వదిలితే అనలేదు. ఇలాంటి రెంచ్‌లకు అనుమతించే తేడా నాలుగు శాతం, అంటే 85 దగ్గర మూడున్నర లోపు. ఇంటి పరీక్షకు అంతకన్నా కచ్చితం అక్కరలేదు.

తరువాత క్యాన్ మార్చలేదు గాని నీళ్లు తగ్గించి, రెంచ్‌ను 35కు దించాను. లెక్క ప్రకారం ఎనిమిది కిలోల దగ్గర అది పలకాలి. అంతకుముందు నెల రోజులు పెట్టెలో ఊరికే పడి ఉన్న రెంచ్ 35 దగ్గర మొదటిసారి తొమ్మిదిన్నర కిలోలకు గాని పలకలేదు, అంటే 41 న్యూటన్ మీటర్ల దగ్గర. మూడోసారి నుంచి ఎనిమిది కిలోలకే పలకడం మొదలుపెట్టింది. లోపలి గ్రీజు ఒకచోట గడ్డకట్టి ఉండి, నాలుగైదుసార్లు ఆడించాక సర్దుకుంటుందట. నన్ను ఆశ్చర్యపరచింది మాత్రం ఆ అంకె కాదు, చప్పుడు. పిడి తిప్పి అంకె తగ్గించే కొద్దీ లోపలి స్ప్రింగు వదులవుతుంది కనుక, అడుగు గీతల దగ్గర క్లిక్ ‘టక్’ మనదు. గోడ గడియారంలో ముల్లు కదిలినంత చప్పుడు చేస్తుంది, అంతే. నిశ్శబ్దంగా ఉన్న గదిలో, ముందే చెవి పెట్టుకొని కూర్చున్నా మొదటిసారి నాకు అనుమానంగానే వినిపించింది. జనరేటరు హోరులో వెల్లకిలా పడుకున్నవాడికి వినిపించే అవకాశమే లేదు. పైగా క్లిక్ వచ్చాక రెంచ్ ఆగిపోదు. మనం లాగినంత సేపూ బిగిస్తూనే ఉంటుంది.

అందువల్ల నేరమంతా రెంచ్ మీద వేయలేను. 41కే మర తెగిపోదు. అంతకుముందు సర్వీసుల్లో ఎవరెవరో ఎంతెంత బిగించారో ఆ మరకే తెలియాలి, చివరి నాలుగు లాగుళ్లు మాత్రం నావి. గరిష్ఠ అంకెలో ఐదో వంతుకు దిగువన ఏ రెంచ్‌నూ నమ్మవద్దని ఈ పని తెలిసినవారు చెబుతారు. 210లో ఐదో వంతు 42. పిడి మీద 28 అని చెక్కి ఉంది కదా అని 35కు వాడినవాడిని నేను. ఆ 28 గీతను చెక్కకుండా ఉంటే బాగుండేదన్న కోపం మాత్రం ఇప్పటికీ పోలేదు.

ఆ తరువాత 10 నుంచి 60 వరకు ఉన్న 3/8 అంగుళం చిన్న రెంచ్ ఒకటి కొన్నాను. దాని పిడి పొడవు 28 సెంటీమీటర్లే కాబట్టి, అదే 35కు చెయ్యి దాదాపు పదమూడు కిలోల బలం పెట్టవలసి వస్తుంది, చప్పుడూ స్పష్టంగా ఉంటుంది. చిక్కల్లా సాకెట్ పెట్టె దగ్గర వచ్చింది. అందులో 3/8 రాట్చెట్ గాని, ఆ కొలతకు సరిపడే సాకెట్లు గాని లేవు. తొంభై పైచిలుకు ముక్కలున్నాయని మురిసి కొన్న ఆ పెట్టెలో ఆరేళ్లలో నేను నిజంగా వాడినవి 10, 12, 14, 17, 19 మిల్లీమీటర్ల సాకెట్లు, స్పార్క్ ప్లగ్గుకు 16, రెండు ఎక్స్‌టెన్షన్ రాడ్లు మాత్రమే. ఆరు మూలల సాకెట్లు కావడం, ఒక్క బోల్టు తలనూ అరగదీయకపోవడం మెచ్చుకోవలసిన విషయాలే. డెబ్బై రెండు పళ్ల రాట్చెట్ ఐదు డిగ్రీలు కదిలినా పట్టుకుంటుంది కాబట్టి బ్యాటరీ వెనక ఇరుకులో దానికి సాటి లేదని ఒకప్పుడు రాశాను. ఇప్పటికీ అదే అంటాను, అయితే గట్టి బిగువున్న బోల్టు ఊడదీయడానికి దాన్ని వాడను. నిరుడు ఒకసారి పన్ను జారి చేతి కణుపులు చెక్కుకుపోయాయి. ఆ పనికి విడిగా ఒక బ్రేకర్ బార్, అంటే పళ్లు లేని పొడవాటి గట్టి పిడి, ఉంచుకున్నాను. ఎదురింటి బాబాయిగారు అడిగినప్పుడు అదే ఇస్తాను, టార్క్ రెంచ్ మాత్రం ఇవ్వను. ఆయన దానితో నట్లు ఊడదీస్తారని నా భయం.

ఐదు వేల క్లిక్‌లకో, ఏడాదికో ఒకసారి రెంచ్‌ను సరిచూపించాలని ఇలాంటి రెంచ్‌లకున్న ప్రమాణం చెబుతుంది. ఏడాదికి నాలుగుసార్లు చక్రాలు విప్పి పదహారు నట్లు బిగిస్తే అరవై నాలుగు క్లిక్‌లు. ఆ లెక్కన ఐదు వేలు చేరడానికి నాకు డెబ్బై ఎనిమిదేళ్లు పడుతుంది. కాబట్టి ఏడాదికోసారి వాటర్ క్యాన్‌తోనే సరిపెట్టుకుంటున్నాను. గ్యారేజీ నడిపేవారు ఇలా చేయకూడదు.

నాకున్నది పన్నెండేళ్ల నాటి చిన్న పెట్రోలు కారు, ఏడాదికి ఆరు వేల కిలోమీటర్లు మించి తిరగదు, ఆదివారాలు తప్ప దాని కిందికి దూరే తీరిక లేదు. చక్రాలు మాత్రమే చూసుకునేవారికి అర అంగుళం రెంచ్ ఒక్కటి చాలు. ఆయిల్ కూడా ఇంట్లోనే మార్చుకునేవారు ఇప్పుడు నన్ను అడిగితే ముందు చిన్నదే కొనమంటాను, సాకెట్ పెట్టెలో 3/8 ఉందో లేదో చూసి మరీ కొనమంటాను. పెద్ద కారో, డీజిలు బండో ఉన్నవారికి ఈ లెక్క తిరగబడవచ్చు. నా పెద్ద రెంచ్ పిడి మీద 60 గీత దగ్గర మా అమ్మాయి ఎర్ర నెయిల్ పాలిష్‌తో ఒక చుక్క పెట్టాను. అప్పటి నుంచి, పని అయ్యాక స్ప్రింగు వదులు చేయడానికి అడుగు గీతకు తిప్పి పెట్టెలో పెట్టడం తప్ప, ఆ చుక్కకు దిగువన దానితో ఒక్క బోల్టు కూడా బిగించలేదు.