యాంటీబాడీ టెస్టుకు ఏ డయాగ్నోసిస్ మేలు: జెడ్ 11.59 ఆ, జెడ్ 01.84 ఆ?

అమెరికా బీమా క్లెయిమ్‌లకు మెడికల్ కోడింగ్ చేసేవాళ్లలో, ల్యాబ్ అకౌంట్ మీదకు (ల్యాబ్ టెస్టుల క్లెయిమ్‌ల పనిలోకి) కొత్తగా వచ్చినవాళ్లు అందరికంటే ముందు అడిగే ప్రశ్న ఇదే. ఈ రెండూ ఐసీడీ కోడ్లు, అంటే టెస్టు ఎందుకు చేశారో చెప్పేవి. విశాఖ ద్వారకానగర్‌లో కోచింగ్ తీసుకుంటూ సీపీసీ (కోడర్ సర్టిఫికేషన్) పరీక్షకు తయారవుతున్న పిల్లలు కూడా అడుగుతున్నారు: "అక్కా, 86706కి జెడ్ 11.59 వేసేస్తే సరిపోతుంది కదా?" ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక నైట్ షిఫ్ట్ తర్వాత ఉండట్లేదు. అందుకే ఒకేచోట రాస్తున్నాను.

86706 హెపటైటిస్ బి సర్ఫేస్ యాంటీబాడీ అనీ, 87340 సర్ఫేస్ యాంటిజెన్ అనీ మీకు తెలుసనే అనుకుంటున్నాను. ఏ టెస్టు చేశారో చెప్పే ఇలాంటి సీపీటీ కోడ్ల దగ్గర పెద్ద గొడవ లేదు. ఆర్డర్‌లో టెస్టు పేరు ఉంటుంది, పేరు చూసి కోడ్ వేస్తాం. చిక్కంతా పక్కన పెట్టాల్సిన ఐసీడీ కోడ్ దగ్గరే.

ఆ చిక్కు మన అలవాటులోంచి వచ్చిందని నాకు అనిపిస్తుంది. కేజీహెచ్ డౌన్‌లో ఏదైనా ల్యాబ్‌కు వెళ్లి డబ్బు కట్టి రక్తం ఇస్తే, రసీదులో టెస్టు పేరు, ధర ఉంటాయి. ఎందుకు చేయించుకుంటున్నారని కౌంటర్లో ఎవరూ అడగరు. అమెరికా క్లెయిమ్ అలా కాదు. ప్రతి సీపీటీ లైనుకూ డయాగ్నోసిస్ పాయింటర్ (ఆ లైనును ఒక ఐసీడీ కోడ్‌కు కలిపే గుర్తు) కావాలి, అంటే "ఎందుకు" అన్నదానికి జవాబు ముందే రాయాలి. మనం టెస్టు పేరు వరకూ శ్రద్ధగా చూసి, ఆ జవాబును మాత్రం ఏదో ఒక కోడ్‌తో నింపేస్తున్నాం. నా లెక్కలో ఈ రెండు కోడ్ల మధ్య తేల్చేది ఒకే ఒక్క విషయం: డాక్టర్ జబ్బు కోసం వెతుకుతున్నారా, లేక రక్షణ ఉందో లేదో చూస్తున్నారా?

జెడ్ 11.59 వైరల్ జబ్బుల స్క్రీనింగ్ కోడ్. హెచ్ఐవీకి జెడ్ 11.4, హెచ్‌పీవీకి జెడ్ 11.51, కోవిడ్‌కు జెడ్ 11.52 విడిగా ఉన్నాయి కాబట్టి, మిగతా వైరస్‌లు దీని కిందకు వస్తాయి. స్క్రీనింగ్ అంటే ఏమిటో ఐసీడీ-10-సీఎం గైడ్‌లైన్స్ స్పష్టంగానే చెబుతాయి: పైకి ఆరోగ్యంగా కనిపించే మనిషిలో జబ్బును ముందే పట్టుకుని, పాజిటివ్ వస్తే వైద్యం మొదలుపెట్టడానికి చేసే పరీక్ష. జబ్బును పట్టుకోవడం దాని పని. 86706 కూడా కొన్నిసార్లు ఇందులోకి వస్తుంది. 18 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ జీవితంలో ఒక్కసారైనా హెపటైటిస్ బి స్క్రీనింగ్ చేయాలని 2023లో అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ సిఫార్సు చేసింది. అందులో మూడు టెస్టులు కలిపి ఉంటాయి: సర్ఫేస్ యాంటిజెన్, సర్ఫేస్ యాంటీబాడీ, టోటల్ కోర్ యాంటీబాడీ. ఆర్డర్‌లో 87340, 86706, 86704 మూడూ కలిసి, స్క్రీనింగ్ అని రాసి వస్తే జెడ్ 11.59 నిక్షేపంగా వేసుకోండి. మెడికేర్ (అమెరికా ప్రభుత్వ బీమా) పేషెంటు హై రిస్క్ అయితే, హెపటైటిస్ బి స్క్రీనింగ్‌కు ఉన్న జీ 0499 కోడ్ సంగతి కూడా చూడాలి, అది వేరే కథ.

ఇప్పుడు జెడ్ 01.84. యాంటీబాడీ రెస్పాన్స్ పరీక్ష కోడ్ ఇది. పుస్తకంలో దీని కింద ఇంకో లైను ఉంది, చాలామంది అక్కడిదాకా చదవరు: ఇమ్యూనిటీ స్టేటస్ టెస్టింగ్ కోసం వచ్చిన ఎన్‌కౌంటర్. అంటే టీకా పనిచేసిందా, ఒకప్పుడు వచ్చిపోయిన జబ్బుకు రక్షణ మిగిలిందా అని చూడటం. నర్సు హెపటైటిస్ బి డోసులన్నీ పూర్తిచేసింది, చివరి డోసు తర్వాత ఒకటి రెండు నెలలకు టైటర్ (రక్తంలో యాంటీబాడీ స్థాయి) చూశారు, మిల్లీలీటరుకు 10 మిల్లీ ఇంటర్నేషనల్ యూనిట్లు లేదా అంతకంటే ఎక్కువ వస్తే రక్షణ ఉన్నట్టు. ఇక్కడ జబ్బు కోసం ఎవరూ వెతకట్లేదు. నెగెటివ్ వస్తే ఆమెకు చేసేది వైద్యం కాదు, మళ్లీ టీకా వేస్తారు. దీన్ని స్క్రీనింగ్ అనడం ఎలా కుదురుతుంది? రుబెల్లా 86762, మీజిల్స్ 86765, మంప్స్ 86735, వారిసెల్లా 86787 విడిగా టైటర్లుగా వస్తే ఎక్కువసార్లు ఇదే కథ.

ఇంకా నమ్మకం కుదరకపోతే గైడ్‌లైన్స్‌లో కోవిడ్ భాగం తెరవండి. 2020 ఏప్రిల్‌లో కోవిడ్ యాంటీబాడీ టెస్టు కోడ్లు 86328, 86769 వచ్చిన తొలిరోజుల్లో మనవాళ్లు యాంటీబాడీ టెస్టులన్నిటికీ స్క్రీనింగ్ కోడే వేసేవారు. గైడ్‌లైన్స్ తర్వాత తేల్చేశాయి: ఇప్పుడున్న ఇన్‌ఫెక్షన్‌ను నిర్ధారించడానికి కాకుండా, తగ్గిన తర్వాత ఫాలో-అప్‌గా కూడా కాకుండా చేసే యాంటీబాడీ టెస్టుకు జెడ్ 01.84 వేయాలని. ఆ వాక్యం కోవిడ్ గురించే అయినా, దాని వెనకున్న ఆలోచన హెపటైటిస్‌కీ పనికొస్తుంది.

"మరి జెడ్ 01.84 వేస్తే పేమెంట్ రాదు కదండీ?" అన్నది అసలు వాదన. నిజమే, పేయర్‌ను (బీమా కంపెనీని) బట్టి సీవో-50తో, అంటే వైద్యపరంగా అవసరం లేదని, డినయల్ రావచ్చు, పీఆర్-96తో, అంటే కవర్ కాదని, ఖర్చు పేషెంటు మీద పడొచ్చు. జెడ్ 11.59 వేస్తే అదే లైను ప్రివెంటివ్ బెనిఫిట్‌లోకి జారి పాస్ అయ్యే అవకాశం ఎక్కువ. బకాయిలు వసూలు చేసే ఏఆర్ టీమ్ ఒత్తిడి కూడా మీ మీద ఇక్కడే పడుతుంది. అయినా నా ఓటు జెడ్ 01.84కే. డబ్బు వచ్చే కోడ్‌ను చూసి కారణాన్ని మార్చితే అది కోడింగ్ కాదు. ఆడిట్‌లో ఆర్డర్ తెరిచి చూస్తే అందులో "ఇమ్యూనిటీ చెక్" అని ఉంటుంది, క్లెయిమ్‌లో స్క్రీనింగ్ అని ఉంటుంది. అప్పుడు వచ్చిన డబ్బు వెనక్కి పోవడమే కాదు, అలాంటి క్లెయిమ్‌లన్నీ తవ్వుతారు. కవర్ కాదనిపిస్తే పేషెంటుకు ముందే చెప్పించాల్సిన బాధ్యత ఫ్రంట్ ఆఫీసుది, దాన్ని మనం ఐసీడీలో సర్దకూడదు.

ఒక సాంకేతిక విషయం. జెడ్ 01 కోడ్లు మొదటి డయాగ్నోసిస్‌గానే రావాలి, జెడ్ 11 మొదటా రావచ్చు, అదనంగానూ రావచ్చు. జెడ్ 01.84ను మూడో స్థానంలో పెట్టి క్లెయిమ్ పంపడం తరచుగా చూస్తున్నాను. అలా పెట్టొద్దు.

మూడో పోటీదారు జెడ్ 20.5, వైరల్ హెపటైటిస్ ఉన్నవాళ్లతో కాంటాక్ట్. సూది గుచ్చుకున్న కేసులో అవతలి పేషెంటుకు హెపటైటిస్ ఉందని తెలిస్తే ఇది. తెలియకపోతే, ప్రమాదకరమైన బాడీ ఫ్లూయిడ్ తగిలిందని జెడ్ 77.21 వైపు చూడండి. ఇక్కడ రెండు కోడ్ల గొడవ ఉండదు, నోట్‌లో ఎక్స్‌పోజర్ అని కనిపిస్తూనే ఉంటుంది.

ఉద్యోగంలో చేరేముందు చేసే పరీక్షకు జెడ్ 02.1. జెడ్ 01తో దానికి ఎక్స్‌క్లూడ్స్ 1 (కలిపి వేయకూడదనే సూచన) ఉంది, కాబట్టి రెండూ కలిపి వేయకండి. కామెర్లు, ఎంజైములు పెరగడం లాంటివి రాసి ఉంటే జెడ్ కోడ్ల జోలికే పోవద్దు, ఆ లక్షణాన్నే కోడ్ చేయాలి: ఆర్ 17, ఆర్ 74.01 వగైరా.

ఆర్డర్‌లో ఏమీ లేకపోతే? "హెప్ బి ఏబీ" అని ఒక్క ముక్క రాసి పంపే క్లినిక్‌లు బోలెడు. అప్పుడు ఊహించి జెడ్ 11.59 వేసేవాళ్లే ఎక్కువ. ల్యాబ్ తనంతట తాను డయాగ్నోసిస్ ఎంచుకోకూడదు. టెస్టు రాసిన డాక్టరే మెడికేర్ క్లెయిమ్‌కు కావలసిన డయాగ్నోసిస్ సమాచారం ఇవ్వాలని 1997 బ్యాలెన్స్‌డ్ బడ్జెట్ చట్టంలోనే ఉంది. డాక్టర్‌కు క్వెరీ (రాతపూర్వక ప్రశ్న) పెట్టండి, క్లెయిమ్‌ను హోల్డ్‌లో ఉంచండి. క్వెరీలో "డయాగ్నోసిస్ ఇవ్వండి" అని మాత్రం రాయొద్దు, అవతలివాళ్లు కూడా చేతికందిన స్క్రీనింగ్ కోడే పంపేస్తారు. "ఈ టెస్టు హెపటైటిస్ బి కోసం స్క్రీనింగా, టీకా తర్వాత ఇమ్యూనిటీ చూడటానికా, ఎక్స్‌పోజర్ వల్లనా, లేక వేరే కారణమా?" అని అడగండి. ఏది సరైనదో సూచించకుండా నాలుగూ ముందు పెట్టండి. క్లెయిమ్ ఎందుకు ఆలస్యమైందని టీమ్ లీడ్ టర్న్‌అరౌండ్ టైమ్ గురించి అడిగితే ఆ క్వెరీయే చూపించండి.