డాబా మీద ఎండకు ఏది మేలు: తెల్ల పూతా, చైనా మొజాయికా, మిద్దె తోటా?

కూకట్‌పల్లిలో నేను అద్దెకుండే గది మూడో అంతస్తులో ఉంది. నా పైన స్లాబ్, దాని పైన ఎండ. మే నెలలో ఆఫీసు నుంచి రాత్రి తొమ్మిదింటికి వచ్చి ఫ్యాన్ వేస్తే వేడిగాలే దిగుతుంది. పగలంతా ఎండను పీల్చుకున్న కాంక్రీటు ఆ వేడిని కొన్ని గంటలు ఆలస్యంగా గదిలోకి వదులుతుంది. పర్యావరణానికి మేలు చేసే భవనాల గురించి కాలేజీలో ఐదేళ్లు చదివాను. కానీ ఆ చదువు ఎందుకో నాకు అర్థమైంది మాత్రం ఈ గదిలో నిద్రపట్టని రాత్రుల్లోనే.

పోయిన వేసవిలో ఓనర్ ఆంటీ అడిగారు: "నువ్వు ఆర్కిటెక్టువి కదమ్మా, డాబా మీద ఏం చేయిస్తే బాగుంటుందో చెప్పు." ఆవిడకు మిద్దె తోట మీద మనసు. అంకుల్ చైనా మొజాయిక్ అన్నారు. నేను తెల్ల పూత అన్నాను.

తెల్ల పూతలో కిటుకేమీ లేదు. పాతబడిన సిమెంటు డాబా మీద పడ్డ ఎండలో మూడో వంతు కూడా వెనక్కి పోదు. శుభ్రంగా ఉన్న మంచి తెల్ల పూత దాదాపు ఎనభై శాతం తిప్పికొడుతుంది. నమ్మకం లేకపోతే డాబాలో ఒక మూల నాలుగడుగుల మేర పూత వేసి, మధ్యాహ్నం రెండింటికి చెప్పుల్లేకుండా రెండు చోట్లా నిలబడి చూడండి. సున్నంలో ఫెవికాల్ కలిపి వేస్తే ఖర్చు చాలా తక్కువ, కానీ ఒక వానాకాలానికే చాలావరకు కొట్టుకుపోతుంది. ఎండను తిప్పికొట్టేలా తయారుచేసిన కూల్ రూఫ్ పెయింట్ కొన్నేళ్లు ఉంటుంది. దీని శత్రువు దుమ్ము. ఏటా వేసవికి ముందు కడగకపోతే తెలుపు బూడిద రంగుకు తిరిగి, సగం పని అక్కడే పోతుంది. పక్కింటివాళ్లు ఎత్తైన అంతస్తులో ఉంటే వాళ్ల కళ్లలోకి వెలుగు కొడుతుందన్నది కూడా నిజమే. పడమటి గోడ నుంచి వచ్చే వేడికి ఇది ఏమీ చేయలేదు.

చైనా మొజాయిక్ అంటే విరిగిన తెల్ల టైలు ముక్కల్ని సిమెంటులో పొదగడం. ఎండను తిప్పికొడుతుంది, పెయింట్ కన్నా చాలా ఎక్కువ కాలం ఉంటుంది, చీపురు పెడితే శుభ్రమవుతుంది. కొత్తగా కట్టేవాళ్లకు నేను చెప్పేది ఇదే. పాత డాబాకైతే ఇప్పటికే ఉన్న బరువు మీద చదరపు మీటరుకు మరో యాభై, అరవై కిలోలు పెడుతున్నట్టు. మేస్త్రీ నీటి వాలు సరిగా ఇవ్వకపోతే నీళ్లు నిలిచి, కింద గది సీలింగుకు చెమ్మ దిగుతుంది.

ఇక తోట. నాకు ఎంతో ఇష్టమైనదీ, నేను ఎక్కువ భయపడేదీ ఇదే. భవనాలు ఎంత బరువు మోయాలో చెప్పే మన దేశ ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం, మనుషులు తిరిగే డాబా పైన పడే బరువును చదరపు మీటరుకు 1.5 కిలోన్యూటన్లకు, అంటే సుమారు 150 కిలోలకు లెక్కకడతారు. తడి మట్టి ఘనపు మీటరు 1,700 కిలోల దాకా తూగుతుంది. డాబా అంతా ఆరంగుళాల మందాన మట్టి పరిచారంటే చదరపు మీటరుకు 250 కిలోలు దాటాయి, ఇంకా మనిషి ఎక్కలేదు! నేను ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది ఒక ఇంటి డ్రాయింగులో డాబా మీద లాన్ గీశాం. స్ట్రక్చరల్ ఇంజనీరుకు ఆ సంగతి చేరేసరికి స్లాబ్ పోసేశారు. ఆశపడ్డ ఆ ఇంటి పెద్దాయనకు "ఇక కుదరదండీ" అని చెప్పిన రోజు నాకింకా గుర్తుంది. అప్పటి నుంచి మొక్క గీసే ముందు బరువు లెక్క వేస్తున్నాను.

నీళ్ల సంగతి కూడా ఉంది. ఏప్రిల్, మే నెలల్లో మొక్కలకు రోజూ నీళ్లు కావాలి. సరిగ్గా అప్పుడే మా వీధిలోకి ట్యాంకర్లు వస్తాయి. అయినా ఆకుకూర కోసుకునే సంతోషం, నీడ, పిట్టలు తెల్ల పెయింట్ ఇవ్వలేదు. ఆంటీ కోరిక తప్పని నేను అనలేకపోయాను.

తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. ఇళ్లలో ఆరు వందల గజాలు, ఆపైన స్థలం ఉన్నవాటికే తప్పనిసరి చేసింది. మా వీధిలో అన్నీ నూరు, నూటయాభై గజాల ఇళ్లు. పై అంతస్తులో అద్దెకుండేది నాలాంటివాళ్లూ, ఏసీ కొనలేని కుటుంబాలూ. అందుకే నా ఓటు తెల్ల పూతకే. డబ్బు తక్కువ, బరువు లేదు, ఒక ఆదివారంలో అయిపోతుంది, వీధిలో అందరూ వేసుకోగలరు. తోటను ముందు నుంచీ అనుకుని, దాని బరువుకు తగ్గట్టు స్లాబ్ వేయించుకున్న ఇంటికి మాత్రం తోటే మేలని చెబుతాను.

చివరికి ఆంటీ వాళ్లింట్లో వరస ఇలా కుదిరింది: ముందు పగుళ్లు పూడ్చి వాటర్‌ప్రూఫింగ్, తర్వాత రెండు సార్లు తెల్ల పూత. కింద బీములు, గోడలు ఎక్కడున్నాయో కొలిచి డాబా మీద సుద్దతో గీతలు గీశాను. గ్రో బ్యాగులు (మొక్కలు పెంచే సంచులు) ఆ గీతల మీదే, పిట్టగోడ పొడవునా, మట్టి తగ్గించి, తేలికైన కొబ్బరి పొట్టు, అంటే కోకోపీట్ ఎక్కువ కలిపి. పన్నెండు అంగుళాల బ్యాగులో ఉత్త తడి మట్టే నింపితే ముప్పై కిలోలు దాటుతుందని చెప్పగానే అంకులే ఒక బ్యాగు ఎత్తి చూసి, మిగతావాటిలో కోకోపీట్ ఇంకాస్త పోయించారు. గోంగూర, పాలకూర వేశారు. డాబా కడగడం నా వంతు.