గ్లోబల్ వేరియబుల్స్ విషయంలో జీసీసీ: పాత వెర్షన్ వదిలి పైకి వెళ్లాక నా రివ్యూ

పాత సీ ప్రాజెక్టు చేతిలో ఉండి, కంపైలర్ మారిస్తే బిల్డ్ ఆగిపోతుందేమోనని సీ కంపైలర్ (కోడ్‌ని మెషిన్ భాషలోకి మార్చే టూల్) అయిన జీసీసీలో 9వ వెర్షన్ దగ్గరే ఉండిపోయినవాళ్ల కోసం రాస్తున్నాను. బిల్డ్ ఆగే అవకాశం ఉన్న మాట నిజమే. మాకు ఆగింది. అయినా మారమనే చెప్తాను.

2020 మేలో వచ్చిన జీసీసీ 10 నుంచి ‘ఎఫ్-నో-కామన్’ ఆప్షన్ మనం అడగకపోయినా ఆన్‌లోనే ఉంటుంది. అంతకు ముందు ఫంక్షన్ల బయట, విలువేమీ ఇవ్వకుండా, ‘ఇంట్ స్టేట్;’ అని రెండు సీ ఫైళ్లలో రాస్తే లింకర్ (కంపైల్ అయిన ఫైళ్లను ఒకే ప్రోగ్రాంగా కలిపే టూల్) ఆ రెండింటినీ కలిపేసి ఒకే వేరియబుల్‌గా చేసేది. ఎర్రర్ రాదు, వార్నింగూ రాదు. ఈ ఆప్షన్ ఆ కలపడాన్ని ఆపేస్తుంది. ఫోర్ట్రాన్ అనే పాత భాషలో కామన్ బ్లాకులని ఉంటాయి, ఆప్షన్ పేరులోని ‘కామన్’ అక్కడి నుంచే వచ్చింది. సీ స్టాండర్డ్ మాత్రం ఒక గ్లోబల్‌కి మొత్తం ప్రోగ్రాంలో ఒకే డెఫినిషన్ (మెమరీలో చోటు కేటాయించే లైన్) ఉండాలనే చెప్తుంది, కలిపేయడం అనేది కంపైలర్లు అదనంగా ఇచ్చిన వెసులుబాటు మాత్రమే.

మా కోడ్‌లో టైమర్ చూసుకునే ఫైల్ ఒకటి, సీరియల్ పోర్ట్ చూసుకునే ఫైల్ ఒకటి ఉన్నాయి. ఇద్దరు వేర్వేరు సమయాల్లో రాశారు, ఇద్దరూ తమ ఫైల్ పైభాగంలో ‘స్టేట్’ అనే వేరియబుల్ పెట్టుకున్నారు, అది తమ ఫైల్‌కే సొంతం అనుకున్నారు. సీరియల్‌లో డేటా ఎక్కువగా వచ్చిన రోజుల్లో టైమర్ ఉన్నట్టుండి ఆగిపోయేది. నెలల తరబడి ఇంటరప్ట్‌లను అనుమానించాం, డిలేలు మార్చి చూశాం, ఏదీ పని చేయలేదు. కొత్త జీసీసీతో మొదటి బిల్డ్ కొట్టగానే లింకర్ ‘మల్టిపుల్ డెఫినిషన్ ఆఫ్ స్టేట్’ అని ఆగిపోయింది. రెండు ఫైళ్లూ ఇన్నాళ్లూ ఒకే నాలుగు బైట్ల మీద రాసుకుంటున్నాయని అప్పుడు తెలిసింది. రెండు చోట్లా వేరియబుల్‌కి ముందు ‘స్టాటిక్’ (పేరు ఫైల్ బయటికి కనిపించకుండా చేసే పదం) చేర్చాం, టైమర్ మళ్లీ ఆగలేదు.

చాలామంది పొరబడేది ఇక్కడే. ఫైల్ స్కోప్ అంటే ఆ ఫైల్‌కి సొంతం అని కాదు. ఆ పేరు డిక్లేర్ చేసిన చోటు నుంచి ఫైల్ చివరి దాకా కనిపిస్తుంది, అంతవరకే దాని అర్థం. బయటి ఫైళ్లు దాన్ని అందుకోగలవా లేదా అన్నది లింకేజ్ సంగతి, ‘స్టాటిక్’ పెట్టకపోతే ఆ తలుపు తెరిచే ఉంటుంది. భాషే ఇలా ఉంది కాబట్టి కంపైలర్ ఎంత గట్టిగా అరిస్తే మనకు అంత మేలు.

రెండో రకం ఎర్రర్లు హెడర్ (చాలా ఫైళ్లు ఇంక్లూడ్ చేసుకునే ఉమ్మడి ఫైల్) వల్ల వచ్చాయి, లెక్కకి ఇవే ఎక్కువ. హెడర్‌లో ‘ఎక్స్‌టర్న్’ లేకుండా వేరియబుల్ రాసి, ఆ హెడర్‌ని పది ఫైళ్లలో ఇంక్లూడ్ చేస్తే పది డెఫినిషన్లు తయారవుతాయి. హెడర్‌లో ‘ఎక్స్‌టర్న్’తో డిక్లరేషన్ (ఈ వేరియబుల్ వేరే చోట ఉందని చెప్పే లైన్) పెట్టి, ఒక్క సీ ఫైల్‌లో అసలు డెఫినిషన్ రాయాలి, ఆ సీ ఫైల్ కూడా అదే హెడర్‌ని ఇంక్లూడ్ చేసుకోవాలి. ఇంక్లూడ్ చేసుకుంటేనే రెండు చోట్లా టైపు ఒకటి కాకపోతే కంపైలర్ పట్టుకోగలదు. ఇంక్లూడ్ లేకుండా ఒక ఫైల్‌లో ఇంట్ అని, ఇంకో ఫైల్‌లో డబుల్ అని రాస్తే మామూలు బిల్డ్‌లో ఎవరూ పట్టించుకోరు, ‘ఎఫ్-ఎల్‌టీఓ’ (లింక్ చేసేటప్పుడు అన్ని ఫైళ్లనూ కలిపి చూసే ఆప్షన్) పెట్టి బిల్డ్ చేస్తే మాత్రం జీసీసీ వార్నింగ్ ఇస్తుంది.

ఒక్క విషయంలో మాత్రం చాలా జాగ్రత్త. ఎర్రర్ పోవడానికి దయచేసి హెడర్‌లోనే ‘స్టాటిక్’ పెట్టకండి. ఎర్రర్ పోతుంది, కానీ ప్రతి ఫైల్‌కీ తన సొంత కాపీ వస్తుంది, ఒక చోట మార్చిన విలువ మరో చోట కనిపించదు, అది పట్టుకోవడం ముందున్న బగ్ కంటే కష్టం. మొత్తం ప్రాజెక్టుకి ‘ఎఫ్-కామన్’ (పాత కలిపేసే పద్ధతిని తిరిగి తెచ్చే ఆప్షన్) ఆన్ చేసి వదిలేయడం కూడా ఇలాంటిదే, పాత రోగాన్ని తిరిగి తెచ్చుకోవడమే. మేము ముట్టుకోవడానికి వీల్లేని ఒక పాత లైబ్రరీ ఫోల్డర్‌కి మాత్రమే అది వాడుతున్నాం.

బిల్డ్ అయ్యాక పేర్ల జాబితా చూపే ‘ఎన్ఎం’ టూల్‌తో ఆబ్జెక్ట్ ఫైళ్లు (కంపైల్ అయిన ఫైళ్లు) చూడటం నాకు అలవాటైంది. పేరు పక్కన పెద్ద అక్షరం ‘బి’ లేదా ‘డి’ ఉంటే ఆ వేరియబుల్ బయటికి కనిపిస్తోందని, చిన్న అక్షరమైతే ఫైల్ లోపలే ఉందని అర్థం. ఈ టూల్ జీసీసీతో కాక బైన్‌యుటిల్స్ అనే వేరే ప్యాకేజీతో వస్తుంది, రెండూ దాదాపు ఎప్పుడూ కలిసే ఉంటాయి.

నచ్చనివీ ఉన్నాయి. ‘స్టాటిక్’ మర్చిపోయిన గ్లోబల్స్‌ని చూపించే ‘డబ్ల్యూ-మిస్సింగ్-వేరియబుల్-డిక్లరేషన్స్’ అనే వార్నింగ్ క్లాంగ్ అనే మరో కంపైలర్‌లో చాలా ఏళ్లుగా ఉంది, జీసీసీకి 2024లో, 14వ వెర్షన్‌లో గానీ రాలేదు. వచ్చాక కూడా, వార్నింగులను గుంపుగా ఆన్ చేసే ‘డబ్ల్యూ-ఆల్’లో లేదు, ‘డబ్ల్యూ-ఎక్స్‌ట్రా’లోనూ లేదు, మనమే విడిగా అడగాలి. లోకల్ వేరియబుల్ పేరు గ్లోబల్‌ని కప్పేస్తే చెప్పే ‘డబ్ల్యూ-షాడో’ కూడా అంతే. ఇంత పనికొచ్చేవాటిని ఇలా మూల పెట్టడం నాకు బాధగా ఉంది, కొత్తగా నేర్చుకునేవాళ్లకి వాటి పేర్లు కూడా తెలియవు. ఎర్రర్ మెసేజ్ కూడా లింకర్ నుంచి వస్తుంది కాబట్టి మాకు ఆబ్జెక్ట్ ఫైల్ పేరు, ‘బీఎస్ఎస్’ (విలువ ఇవ్వని గ్లోబల్స్ ఉండే మెమరీ భాగం) అని ఒక అంకె తప్ప ఏ హెడర్‌లో ఏ లైనో కనిపించలేదు, మొదటి రోజు టెన్షన్ అంతా దాని గురించే.

అయిదుకి నాలుగు ఇస్తాను. మాకు మొత్తం సర్దుకోవడానికి రెండు రోజులు పట్టింది, అందులో సగం పైగా ఆ హెడర్లు వెతకడానికే పోయింది.