చింతపిక్కలు, గుడ్ల అట్ట, స్టీలు గ్లాసు: యూకేజీ కూడికలకి తొమ్మిదేళ్ళుగా నేను వాడినవి

మా క్లాసు అల్మారాలో లింకింగ్ క్యూబ్స్ (ఒకదానికొకటి తగిలించే చిన్న రంగు ప్లాస్టిక్ దిమ్మలు) పెట్టె అన్నిటికన్నా పై అరలోకి వెళ్ళిపోయింది, చింతపిక్కల డబ్బా మాత్రం చెయ్యి చాస్తే అందే చోట ఉంటుంది. రాజమండ్రి దగ్గర ఒక చిన్న ప్రైవేటు బడిలో తొమ్మిదేళ్ళుగా యూకేజీ చెబుతున్నాను. ఏటా ఇరవై ఎనిమిది, ముప్ఫై మంది పిల్లలు, అందరూ ఐదేళ్ళ వాళ్ళు. కూడికలు నేర్పడానికి కొన్నవి, ఇంట్లో చేసుకున్నవి, ఎవరో ఇచ్చినవి చాలా వాడి చూశాను. కొత్తగా చేరిన టీచర్లు, ఇంట్లో పిల్లలకి చెప్పుకునే అమ్మలు "ఏది కొంటే మంచిదండీ" అని అడుగుతూనే ఉంటారు, అందుకే ఒకసారి వివరంగా రాస్తున్నాను.

ఏ వస్తువునైనా నేను చూసేది ఒక్కటే. నాలుగు పక్కన మూడు పెడితే ఐదేళ్ళ పిల్ల మొదట్లో ఏడింటినీ ఒకటి నుంచి లెక్కపెడుతుంది. అది తప్పు కాదు, అందరూ అక్కడే మొదలవుతారు. కానీ ఏదో ఒక రోజు "నాలుగు" అని మనసులో పట్టుకుని, అక్కడి నుంచి "ఐదు, ఆరు, ఏడు" అనాలి. ఆ మార్పు రావడానికి ఆ వస్తువు సాయం చేసిందా, లేక పిల్లని మళ్ళీ మళ్ళీ ఒకటి దగ్గరికే లాక్కొచ్చిందా? నాకు కావాల్సింది ఆ జవాబు ఒక్కటే.

ముందు లింకింగ్ క్యూబ్స్ సంగతి. మొదటి సంవత్సరం నా డబ్బుతోనే వంద క్యూబ్స్ సెట్టు ఆన్‌లైన్‌లో తెప్పించాను. మూడు ఎర్రవి, రెండు నీలం రంగువి ఒకదానికొకటి తగిలిస్తే కూడిక అంటే కలపడం అని కళ్ళకి కట్టినట్టు కనిపిస్తుంది, ఆ ఒక్క విషయానికి వాటికి మంచి మార్కులే ఇస్తాను. ఇబ్బందల్లా ఏంటంటే, ముప్ఫై మందికి వంద పంచితే ఒక్కొక్కరికి మూడు వస్తాయి. గట్టిగా పట్టేసిన వాటిని విడదీయడానికి ఆ చిన్న వేళ్ళకి బలం చాలదు, "టీచర్, రావట్లేదు" అంటూ నా బల్ల దగ్గర వరస కట్టేవాళ్ళు. రెండో ఏడాదికి కొన్ని వదులైపోయి నిలవడం మానేశాయి. అన్నిటికన్నా ముఖ్యం, తగిలించేశాక ఐదూ కలిసి ఒకే కడ్డీ అయిపోతాయి కదా, పిల్లలు ఈ చివర నుంచి ఆ చివరకి మళ్ళీ ఒకటి నుంచి లెక్కపెడతారు. ఇంట్లో ఒక్క పిల్ల ఉంటే కొనుక్కోండి, బాగుంటాయి. పెద్ద క్లాసుకి నేను మళ్ళీ కొనను.

చింతపిక్కలు ఖర్చు లేనివి. ఏటా చింతపండు సీజన్లో మా ఆయా అడగకుండానే ఓ సంచి తెచ్చి పెడుతుంది. కడిగి, ఎండబెట్టి, పుచ్చువి ఏరేస్తే రెండు మూడేళ్ళు ఉంటాయి. పట్టుకోవడానికి నున్నగా ఉంటాయి, బల్ల మీద దొర్లిపోవు. గోళీలు వాడి చూసిన వాళ్ళకి ఈ చివరి మాట విలువ తెలుస్తుంది.

వీటిలో నాకు బాగా నచ్చింది అరగదీసిన పిక్కల ఆట. మా అమ్మమ్మ వాళ్ళు అష్టాచెమ్మా ఆడటానికి చింతపిక్కని ఒక పక్క రాయి మీద అరగదీసేవారు, ఆ పక్క తెల్లగా వస్తుంది, రెండో పక్క గోధుమ రంగులోనే ఉంటుంది. అలాంటివి ఐదు గుప్పిట్లో వేసి, ఆడించి, పడేయడం. మూడు తెల్లవి పడ్డాయా, అయితే రెండు నల్లవి (పిల్లలు గోధుమ రంగుని నల్లదనే అంటారు). మళ్ళీ వేస్తే నాలుగు, ఒకటి. ఒక్కోసారి ఐదూ తెల్లవే, అప్పుడు క్లాసంతా కేకలు, ఆ కేకల మధ్యలోనే సున్నా అంటే ఏంటో కూడా అర్థమవుతుంది. వేసిన ప్రతిసారీ మొత్తం ఐదే, భాగాలు మాత్రం మారుతుంటాయి. ఇది నేను నోటితో ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు, ఓ పది రోజులు పిక్కలు వేస్తే దానంతట అదే ఎక్కుతుంది. ఐదు బాగా వచ్చాక ఆరు, ఏడు, అలా పది దాకా వెళ్తాం. మార్కెట్లో రెండు రంగుల ప్లాస్టిక్ బిళ్ళలు దొరుకుతాయి, పని అదే, మీ దగ్గర పిక్కలుంటే వాటి అవసరం లేదు. అరగదీసే పని మాత్రం ఓపికతో కూడుకున్నది, గరుకు గచ్చు మీద రుద్దితే తొందరగా అవుతుంది.

ఒక జాగ్రత్త. నాలుగో ఏడాదిలో ఒక బాబు పిక్కని ముక్కులో పెట్టుకున్నాడు. వాళ్ళ నాన్నగారు పరిగెత్తుకొచ్చి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి తీయించే దాకా నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. అప్పటి నుంచి ఎల్‌కేజీకి, అంతకన్నా చిన్నవాళ్ళకి పిక్కలు ఇవ్వనివ్వను, వాళ్ళకి పెద్ద డబ్బా మూతలే. మా క్లాసులో కూడా ఒక్కొక్కరికి లెక్కపెట్టి పది ఇస్తాను, లెక్కపెట్టి పది వెనక్కి తీసుకుంటాను.

ఆ పది పెట్టుకోవడానికే గుడ్ల అట్ట. పెద్ద అట్టలో వరసకి ఐదు చొప్పున ఆరు వరసలు, మొత్తం ముప్ఫై గుంటలు ఉంటాయి. రెండేసి వరసలుగా కత్తిరిస్తే ఒక్క అట్టకి పది గుంటలవి మూడు వస్తాయి. మరకల్లేనివి చూసి తెచ్చి, రెండు రోజులు మంచి ఎండలో పెట్టి వాడతాను. గుడ్డు తినని ఇళ్ళ వాళ్ళు ఇద్దరు ముగ్గురు అభ్యంతరం చెప్పారు, వాళ్ళ పిల్లలకి చెప్పుల డబ్బా మూత మీద స్కెచ్ పెన్నుతో అవే పది గళ్ళు గీసిచ్చాను, ఏ తేడా లేదు.

పది గుంటలే ఎందుకు, గిన్నెలో పోసుకుంటే ఏం అంటే, పై వరస నిండితే ఐదు అని పిల్లలకి చూపుతోనే తెలిసిపోతుంది. ఏడు అంటే నిండిన వరస, కింద ఇంకో రెండు. ఎనిమిది పెడితే రెండు గుంటలు ఖాళీ, అంటే పదికి రెండు తక్కువ. ఇది రోజూ ఓ పావుగంట చొప్పున మూడు నాలుగు వారాలు చూస్తే పిల్లలు లెక్కపెట్టడం తగ్గించి చూడటం మొదలుపెడతారు. ఏడాది చివర్లో చురుకైన పిల్లలకి రెండు అట్టలిచ్చి ఎనిమిదికి ఐదు కలపమంటే, ఐదులోంచి రెండు తీసి ఖాళీలు నింపేసి, "పది, ఇంకా మూడు, పదమూడు" అంటారు. ఇక్కడ మన తెలుగు ఎంత సాయం చేస్తుందో చూడండి. పదకొండు నుంచి పంతొమ్మిది దాకా దాదాపు ప్రతి మాట మొదట్లోనూ పది వినిపిస్తూనే ఉంటుంది. ఇంగ్లిష్‌లో ఎలెవెన్, ట్వెల్వ్ అంటే ఆ పది పిల్లల చెవికి దొరకదు. మాది ఇంగ్లిష్ మీడియమే, అయినా పది దాటిన కూడికలు నేను ముందు తెలుగులోనే చెప్పిస్తాను, తర్వాతే ఇంగ్లిష్. అసలు కూడిక చెప్పేటప్పుడు "ప్లస్" కన్నా "ఇంకా" అనే మాట ముందు వాడండి. "నాలుగు ఉన్నాయి, ఇంకా మూడు వచ్చాయి" అంటే అర్థం కాని పిల్లలు ఇంతవరకూ నాకు తగల్లేదు.

ఇక స్టీలు గ్లాసు. నా క్లాసులో ఒకటి నుంచి లెక్కపెట్టే అలవాటు మాన్పించింది ఇదే. నాలుగు పిక్కలు పిల్ల చేతే లెక్కపెట్టించి వాటి మీద గ్లాసు బోర్లిస్తాను. పక్కన మూడు పెడతాను. "మొత్తం ఎన్ని?" మొదటి రోజు అందరూ గ్లాసు ఎత్తేస్తారు, ఎత్తనిస్తాను. కిందటేడు ఒక పాప వారం రోజులు అలా ఎత్తి లెక్కపెడుతూనే ఉంది. ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో గ్లాసు మీద చెయ్యి వేసింది, ఎత్తలేదు. వేలితో గ్లాసు మీద నాలుగు సార్లు మెల్లగా కొట్టింది, లోపలున్న వాటిని ఒక్కొక్కటిగా తాకుతున్నట్టు, "ఒకటి, రెండు, మూడు, నాలుగు" అని, తర్వాత బయటవి ముట్టుకుని "ఐదు, ఆరు, ఏడు" అంది. నేనేమీ అనలేదు. మర్నాడు గ్లాసు మీద ఒక్కసారే అరచేత్తో చరిచి "నాలుగూ..." అని సాగదీసి, "ఐదు, ఆరు, ఏడు" అంది. పక్కన కూర్చున్న బాబు ఆ చరచడం చూసి తనూ అలాగే చేశాడు, శనివారానికల్లా సగం క్లాసు గ్లాసులు చరుస్తోంది. నేను బోర్డు మీద వంద సార్లు చూపించి ఉంటే ఇంత తొందరగా వచ్చేది కాదని గట్టిగా చెప్పగలను. స్టీలుదే ఎందుకంటే లోపలివి కనిపించవు, పైగా ఆ చప్పుడు పిల్లలకి ఇష్టం.

పాచికలు దాని తర్వాత మెట్టు. చుక్కల పాచికలు రెండు ఇస్తే పిల్లలు అన్ని చుక్కలూ ఒకటి నుంచి లెక్కపెడతారు. అందుకని ఒక పాచిక మీద తెల్ల స్టిక్కర్లు అంటించి 1 నుంచి 6 అంకెలు రాశాను, రెండోది చుక్కలదే ఉంచాను. అంకె మీద లెక్కపెట్టడానికి చుక్కలుండవు కదా, 5 పడితే "ఐదు" అని అక్కడి నుంచి చుక్కలు కలపాల్సిందే. చాలా చిన్న మార్పు, పని మాత్రం పెద్దది. వైకుంఠపాళి ఆడేటప్పుడు కూడా ఇవే రెండూ వేయిస్తాను. చుక్కల పాచికలో ఎదురెదురు ముఖాలు కలిపితే ఎప్పుడూ ఏడే వస్తుందని మొన్న ఒక బాబు తనంతట తనే కనిపెట్టి, ఇంటర్వెల్లో అందరికీ చూపించుకుంటూ తిరిగాడు.

నేల మీద సుద్దముక్కతో గీసిన అంకెల గళ్ళు కూడా పిల్లలకి ప్రాణం, తొక్కుడుబిళ్ళలా గెంతొచ్చు. కానీ ఒక తప్పు దాదాపు అందరూ చేస్తారు. మూడుకి రెండు కలపమంటే, మూడులో నిలబడి ఆ గడినే "ఒకటి" అనుకుని, తర్వాత గడికి "రెండు" అనేసి నాలుగులో ఆగిపోతారు. మొదటి రెండేళ్ళు నాకు ఇది ఎందుకు జరుగుతోందో పట్టుబడలేదు. గళ్ళు సున్నా నుంచి మొదలుపెట్టి, కాలు గాల్లోకి లేచినప్పుడే చప్పట్లు కొట్టి లెక్కపెట్టించాక సర్దుకుంది. గడిని కాదు, గెంతుని లెక్కపెట్టాలి. పిక్కలూ గ్లాసూ అయ్యాకే దీనికి రండి, దీనితో మొదలుపెట్టొద్దు.

కొయ్య చట్రంలో వరసకి పది పూసలుండే అబాకస్ ప్రతి బడిలోనూ ఉంటుంది. వరసంతా ఒకే రంగు కాబట్టి ఏడు ఎక్కడ ఆగిందో కంటికి తెలియదు, లెక్కపెట్టుకోవాల్సిందే. ఐదు ఎరుపు, ఐదు తెలుపు ఉండేది దొరికితే కొనండి, లేకపోతే షూ లేసుకి పూసలు గుచ్చి అట్టకి కట్టుకోండి. నెదర్లాండ్స్‌లో పిల్లలకి అలా ఐదు ఐదుగా రంగులు మార్చిన చట్రమే ఇస్తారు, రెకెన్‌రెక్ అంటారు. మా క్లాసులో పది పూసలకోసారి రంగు మారే వంద పూసల దండ, గణితమాల, గోడకి కట్టి ఉంది. సంఖ్యల వరస కోసం బంగారం లాంటిది, మొదటి కూడికలకి మాత్రం పెద్దగా అక్కర రాలేదు. రంగు కడ్డీలు, అదే కుసనేర్ కడ్డీలు, ఒక స్నేహితురాలు ఇస్తే రెండేళ్ళు వాడాను. 1 సెంటీమీటరు నుంచి 10 సెంటీమీటర్ల దాకా పది పొడవులు, పది రంగులు. వాటి మీద గీతలుండవు కాబట్టి పిల్లలకి అది "ఎర్రది" అవుతుంది గానీ "రెండు" అవ్వడానికి చాలా రోజులు పట్టింది. ఒకటో తరగతి టీచరుకి ఇచ్చేశాను, ఆవిడ చాలా సంతోషంగా వాడుకుంటున్నారు.

వేళ్ళ గురించి ఒక్క మాట. "వేళ్ళు మడవకు, నోటితో చెప్పు" అని దయచేసి పిల్లల్ని తిట్టకండి. ఒక చేతికి ఐదు, రెండు చేతులకి పది, గుడ్ల అట్ట లాంటిదే దేవుడు ఇచ్చి పంపాడు. గ్లాసు ఆట వచ్చిన పిల్ల వేళ్ళు వాడటం దానంతట అదే తగ్గిస్తుంది. పెద్దవాళ్ళు కణుపుల మీద లెక్కపెట్టే పద్ధతి మాత్రం ఈ వయసుకి వద్దు, వేలికి మూడు కణుపులు కావడంతో తికమక పడతారు.

తల్లిదండ్రుల దగ్గర నుంచి నాకు ఎక్కువగా వచ్చే ఫిర్యాదు "నోట్‌బుక్‌లో ఏమీ లేదు" అని. నేను పనిచేసిన మొదటి బడిలో యాజమాన్యం కూడా దసరా సెలవుల లోపు రెండంకెల కూడికలు పుస్తకంలో కనిపించాలని పట్టుబట్టేది, పిల్లలు ఏడ్చేవాళ్ళు, నాకు రోజూ టెన్షనే. ఇప్పుడైతే చిన్న తరగతుల పిల్లలకి చదవడం, లెక్కలు రావాలని కేంద్రం 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ లక్ష్యాలు చూపిస్తాను. బాలవాటిక (ఒకటో తరగతికి ముందు ఏడాది) స్థాయికి అందులో ఉన్నది పది దాకా అంకెలు గుర్తుపట్టి చదవడం, తేలిక కూడికలు, తీసివేతలు వచ్చేది ఒకటో తరగతిలో. 2023లో కేంద్రం మూడు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లల కోసం తెచ్చిన జాదూయీ పిటారా కూడా ఆటవస్తువుల పెట్టే కదా అని చెబుతాను. అప్పుడు కాస్త వింటారు. సంక్రాంతి తర్వాత పుస్తకం కూడా తెరుస్తాం, ముందు పిక్కలు పెట్టి, పక్కన గుండ్రాలు గీసి, ఆ పక్కన 4 + 3 = 7 అని రాయడం. మూడూ ఒకే పేజీలో ఉంటే పిల్లలకి ఆ గుర్తులు పిక్కల గురించే అని మర్చిపోవడానికి వీలుండదు.

ఇంట్లో మొదలుపెట్టే వాళ్ళు పది పిక్కలు, ఒక అట్ట ముక్క, ఒక గ్లాసు తీసుకోండి, రోజుకి పది నిమిషాలు చాలు, పిల్ల ఇంకా ఆడతానన్నప్పుడే ఆపేయండి. రెండు వారాల్లో ఏమీ రాలేదని వస్తువు మార్చేయొద్దు, నేను మొదట్లో అలాగే నెలకొకటి మార్చి పిల్లల్ని కంగారు పెట్టాను.

నిన్న సాయంత్రం పిక్కలు వెనక్కి తీసుకుంటుంటే ఒక పాప తన అట్ట నా ముందు పెట్టి, ఒక్కటి కూడా లెక్కపెట్టకుండా, "తొమ్మిదే ఉన్నాయి టీచర్, ఇంకోటి రావాలి" అని బల్ల కిందకి దూరింది. చివరి గుంట ఖాళీగా ఉంది. పిక్క వాళ్ళ బ్యాగు కింద దొరికింది.